లమేరా మేట మీద ముప్పై నాలుగు దిమ్మలు

మొదటి దిమ్మ నీళ్లలో పడేసరికి పొద్దున పదకొండయింది. సముద్రం నిండు పోటు మీద ఉంది. గట్టు మీద కాపలా కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకుంటున్న డెల్మీరా ఆ చప్పుడికి తలెత్తి చూసింది.

సముద్రపు పాయ మధ్యలో క్రేను ఉన్న బల్లకట్టు ఒకటి ఆగి ఉంది. దాని మీద వరసగా సిమెంటు దిమ్మలు, ఒక్కొక్కటి రెండు టన్నుల బరువు. ప్రతిదానికీ చెయ్యంత లావు గొలుసు, గొలుసు చివర పసుప్పచ్చ బోయా. క్రేను ఒక్కో దిమ్మని ఎత్తుతోంది, పక్కకి తిప్పుతోంది, వదిలేస్తోంది. ఎక్కడ వదులుతోందో డెల్మీరాకి తెలుసు. పైన నీళ్లు తప్ప ఏమీ కనపడకపోయినా, కింద ఎక్కడ ఇసకో, ఎక్కడ బురదో, ఎక్కడ పాదం దిగబడుతుందో ఆమె కాళ్లకి ఇరవై ఆరేళ్లుగా తెలుసు. అది లమేరా మేట. పోర్తోవెల్లో ఊరి ఆడవాళ్లు రెండేళ్లు చెయ్యి పెట్టకుండా కాపాడుకున్న గుల్లల మేట.

"ఆపండ్రోయ్! కింద గుల్లలున్నాయి! ఆపండి!" అని గట్టు చివరికంటా పరిగెత్తి అరిచింది.

బల్లకట్టు మీద ఎర్రటోపీ వాడొకడు ఇటు చూశాడు. పలకరిస్తోందనుకున్నాడో ఏమో, నవ్వుతూ చెయ్యి ఊపాడు. రెండో దిమ్మ పడింది.

ఆ రోజు ఆమెతో పాటు కాపలా వంతు ఉషీయాది. ముప్పై ఏళ్ల పిల్ల, గుల్లలు తీసే పర్మిట్ చేతికొచ్చి ఏడాదన్నా కాలేదు. మత్స్యకారుల సంఘం ఆఫీసుకి ఫోన్ కొట్టి కొట్టి విసిగిపోయింది. "ఎవరూ ఎత్తట్లేదు పిన్నీ. పడవేదన్నా తీసుకుని వెళ్దామా?"

"మనకి పడవలెక్కడివే?" అంది డెల్మీరా.

కార్ఖానాల్లో పనిచేసే అన్నలకీ, కాలేజీల్లో చదివే పిల్లలకీ ఇక్కడ ఒక మాట చెప్పాలి. స్పెయిన్‌లోని గలీసియా తీరంలో కాలినడకన గుల్లలు తీసే ఆడవాళ్ల పొలం రోజుకి రెండుసార్లే బయటపడుతుంది. నీళ్లు వెనక్కి తీసినప్పుడు, ఆ రెండు మూడు గంటలే వాళ్లది. మిగతా వేళంతా అది నీళ్ల కింద ఉంటుంది, నీళ్లు పడవలున్నవాళ్లవి. వాళ్ల పొలంలో వాళ్ల కళ్ల ముందే ఎవడో రాళ్లు పోస్తుంటే, ఒడ్డున నిలబడి అరవడం తప్ప వాళ్లు చెయ్యగలిగింది లేదు. డెల్మీరా ఆ పూట అదే చేసింది. గొంతు పోయేదాకా అరిచింది. ఆ తర్వాత లెక్కపెట్టింది. ముప్పై నాలుగు.

సాయంత్రం అయిదు దాటాక నీళ్లు వెనక్కి తీసే పాటు వచ్చింది. చిన్న పాటు, నీళ్లు పూర్తిగా తీయలేదు. పన్నెండు దిమ్మలే బయటపడ్డాయి. కబురు తెలిసిన ఆడవాళ్లంతా తొడల దాకా రబ్బరు బూట్లు వేసుకుని దిగారు. నీళ్లు తగ్గేకొద్దీ గొలుసులు ఇటూ అటూ ఈడ్చుకుని ప్రతి దిమ్మ చుట్టూ ఇసకని గుండ్రంగా చెక్కేశాయి. ఆ గుండ్రంలో గుల్లలు పగిలి, మెత్తటి మాంసం బయటికొచ్చి పడి ఉన్నాయి. పీతలు అప్పుడే చేరాయి.

డెల్మీరా వంగి పగలని గుల్లనొకదాన్ని తీసింది. మెడలో వేలాడే కొలత ఉంగరంలో పెట్టి చూసింది. పట్టలేదు. అంటే ఎదిగిపోయింది, తీయడానికి సిద్ధంగా ఉంది. ఇంకో మూడు వారాలకి, అక్టోబరు మొదట్లో మేట తెరవాలని అనుకున్నారు. క్రిస్మస్ దాకా అరవై మూడు ఇళ్లు దాని మీదే గడవాలి. ఆమె ఆ గుల్లని అలవాటు కొద్దీ మళ్లీ ఇసకలో పాతిపెట్టింది. పెట్టాక, ఎందుకు పెట్టానా అనుకుని ఏడుపొచ్చింది.

రెండేళ్ల కిందట చలికాలమంతా వానలు కురిశాయి. నది మంచినీళ్లు వచ్చి పాయలో పడ్డాయి. ఉప్పు తగ్గిపోయి గుల్లలు నోళ్లు తెరుచుకుని చచ్చాయి. మిగిలినవి బియ్యపుగింజంత పిల్లగుల్లలే. అప్పుడు సంఘం మీటింగులో లేచి, "లమేరాకి రెండేళ్లు విశ్రాంతి ఇద్దాం" అన్నది డెల్మీరాయే. చాలామంది గొణిగారు. ప్రెసియోసా అయితే, "రెండేళ్లు నా పిల్లలు గాలి తింటారా?" అని మీదికొచ్చింది. అయినా డెల్మీరా ఒప్పించింది. నాచు ఏరారు, పీతల్ని పట్టేశారు, వంతులేసుకుని దొంగల్ని కాపలా కాశారు. ఎంతోమంది దొంగల్ని ఆమే స్వయంగా పట్టి గార్డులకి అప్పగించింది. పక్క మేటల మీద అరకొరగా తీసుకుంటూ, కాల్దో పులుసులో బంగాళాదుంపలు తగ్గించుకుంటూ రెండేళ్లు లాక్కొచ్చారు.

మర్నాడు గురువారం. డెల్మీరా, ఆడవాళ్ల పెద్ద బల్బీనా, మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు ఫ్లొరెన్సియో కలిసి పట్నంలో రేవుల ఆఫీసుకి వెళ్లారు. ఇంజనీరు కుర్రవాడు, మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీలు చూపించాడు. గోడ మీద పాయ మ్యాపు వేలాడుతోంది. లమేరా ఉన్న చోట నీలం రంగు గీతలు.

"మీ బాధ నాకు తెలుసమ్మా. నిజానికి ఈ నిబంధన మీకోసం పెట్టిందే. షికారు పడవలు ఎక్కడపడితే అక్కడ లంగరేస్తున్నాయని మూడేళ్ల కిందట మీరే కదా ఊరేగింపు తీశారు?"

"తీశాం," అంది బల్బీనా. "నేనే ముందు నడిచాను."

"అందుకే గుల్లలు తీసే మేటల మీద లంగరు పూర్తిగా నిషేధించాం. పడవలన్నిటికీ ఒకే చోటిచ్చాం. గుల్లలు తీయని చోటు. పడవలవాళ్లకీ ఇబ్బంది లేకుండా, మీకూ నష్టం లేకుండా సమతూకం చేశాం."

"గుల్లలు తీయని చోటా?" డెల్మీరా కుర్చీలోంచి లేచింది. "లమేరా ఎప్పుడండీ గుల్లలు తీయని చోటయింది? మా అమ్మ అక్కడ తీసింది, ఆవిడ అమ్మ తీసింది."

ఇంజనీరు ఒక ఫైలు తెరిచి ఆమె వైపు తిప్పాడు. సంఘం నెలనెలా పంపే పని నివేదికలు. లమేరా మేట ఎదురుగా ఇరవై నాలుగు నెలలు, ఇరవై నాలుగు సున్నాలు. ప్రతి కాగితం కిందా సంతకం డెల్మీరాది. సంఘంలో ఆడవాళ్ల తరఫున రాతకోతలు చూసేది ఆమే.

"రెండేళ్లు పని జరగని మేటని వాడుకలో లేనట్టుగానే చూడాలని నిబంధన. మీ కాగితాలే కదమ్మా."

"అది విశ్రాంతి సార్. పొలాన్ని బీడు పెట్టరూ? అలాగ. వదిలెయ్యలేదు, దాచుకున్నాం. రోజూ కాపలా కాశాం."

"అర్థమైంది. కానీ ఫారంలో విశ్రాంతి అనే గడి లేదు," అన్నాడు ఇంజనీరు. వెటకారం కాదు, నిజంగానే నొచ్చుకుంటూ అన్నాడు. అదే ఆమెకి మరీ ఒళ్లు మండించింది. తిట్టడానికి ఎదురుగా దుర్మార్గుడైనా లేడు.

బల్బీనాకి మాత్రం ఒక సందేహం మిగిలింది. "సార్, ఆ పడవల్లో వాళ్లు దొడ్డికి వెళ్తే ఎక్కడికి పోతుంది?"

ఫ్లొరెన్సియో దగ్గాడు. ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. "ట్యాంకులో నిలవ చెయ్యాలని నిబంధన ఉందండీ."

"ఆ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారు?"

"ఈ రేవులో ఇంకా ఆ ఏర్పాటు లేదు. వచ్చే బడ్జెట్లో..."

"అంటే మా పక్క మేటల మీదికే. అప్పుడు ఆరోగ్యశాఖ వాళ్లొచ్చి నీళ్లు పరీక్ష చేసి, ఇవి తినడానికి పనికిరావని అవి కూడా మూసేస్తారు. మంచి సమతూకమే సార్."

అర్జీ పెట్టుకోవచ్చన్నాడు ఇంజనీరు. ఆరు నెలల్లో జవాబొస్తుందన్నాడు. పడవలు ఎప్పుడొస్తాయని అడిగితే, శనివారం అన్నాడు.

ఆ సాయంత్రం చేపల వేలం శాల పైనున్న హాల్లో మీటింగు పెట్టారు. అరవై మూడు మంది ఆడవాళ్లూ వచ్చారు. చిన్న పడవల మగవాళ్లు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్లలో డెల్మీరా తమ్ముడు షెనారో ఉన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా బూటు కొనతో నేల గీరుతున్నాడు.

ఫ్లొరెన్సియో జరిగింది చెప్పాడు. సున్నాల సంగతి రాగానే ప్రెసియోసా లేచింది.

"విన్నారా? ఈ మహాతల్లి రాసిన సున్నాలు మనల్ని ముంచాయి! అవతలి ఒడ్డు ఊళ్లవాళ్లు మేట మూసినా నెలకి పది కిలోలని రాసి పంపుతారు. అందరికీ తెలుసు. మనకే నిజాయితీ పొంగిపొర్లింది!"

"తియ్యని గుల్లల్ని తీశామని ఎలా రాయమంటావే?" అంది డెల్మీరా.

"చేత్తో రాయాలి! ఇప్పుడు సంతకం పెట్టిన చేత్తోనే!"

పట్నం నుంచి తిరిగొచ్చే దారంతా డెల్మీరా తనతో తాను అన్నదీ అదే. తను మేటని కాపాడాననుకుంది. కాపాడినందుకే అది పోయింది. ఇందులో ఎక్కడ తప్పు చేసిందో ఎంత వెతికినా దొరకలేదు.

"దాన్నెందుకు అంటావ్?" బల్బీనా బల్ల మీద చరిచింది. "చేతులెత్తి ఒప్పుకున్నది అందరం. సున్నాని సున్నా అని రాసినవాళ్లది తప్పా, సున్నా చూడగానే దిమ్మలు మోసుకొచ్చిన వాళ్లది తప్పా? ఆ ముప్పై నాలుగు చోట్లూ ఎవరికిచ్చారో అడుగు ముందు."

ఫ్లొరెన్సియో గొంతు సవరించుకున్నాడు. "షికారు పడవల క్లబ్బుకి ఇరవై ఎనిమిది. మన ఊరి చిన్న పడవలకి ఆరు. ఇది మనం బేరమాడి తెచ్చుకున్నదే..."

"మనమెవరు?" అరిచింది ఉషీయా. "నాతో ఎవరూ బేరమాడలేదే!"

హాలంతా ఒక్కసారి వెనక గోడ వైపు తిరిగింది. ఆరుగురిలో ఒకడెవరో డెల్మీరాకి అప్పుడర్థమైంది.

"నువ్వా షెనారో?"

"తొమ్మిదో నంబరు బోయా," అన్నాడు తమ్ముడు నేల చూస్తూనే. "నన్నేం చెయ్యమంటావక్కా? పోయిన గాలివానకి నా పడవ గట్టుకి కొట్టుకుని పగిలింది. కట్టుకోడానికి చోటు లేదు. ఇస్తామన్నారు, సంతకం పెట్టాను. అది లమేరా మీదని నాకు చెప్పలేదు."

"చెప్తే పెట్టేవాడివి కాదా?"

"పెట్టేవాణ్ణేమో," అన్నాడు షెనారో. "నాకూ ఇల్లుంది."

ఆడవాళ్లు మగవాళ్ల మీద విరుచుకుపడ్డారు. మగవాళ్లు, మీరు మీటింగుల్లో మా గురించి ఏనాడన్నా మాట్లాడారా అని ఎదురు తిరిగారు. పదినిమిషాలు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. బల్బీనా కుర్చీ ఎక్కి నిలబడితే గానీ అణగలేదు.

"చూశారా? మనకి ఆరు పారేశారు, మనలో మనం కొట్టుకుంటున్నాం. క్లబ్బులో వాళ్లు ఇప్పుడు వైను తాగుతూ కూర్చుని ఉంటారు. ఇంత తక్కువ ఖర్చుతో పనైపోతుందని వాళ్లే అనుకోలేదేమో!"

అప్పుడు ఉషీయా అంది: "అక్కడ పని జరగట్లేదనేగా తీసుకున్నారు? రేపు దిగుదాం. పని చేద్దాం. అందరం."

ఫ్లొరెన్సియో మొహం మాడిపోయింది. "పిచ్చి మాటలొద్దు. అది ఇప్పుడు లంగరు చోటు. అక్కడ గుల్లలు తీస్తే దొంగతనం కింద లెక్క. పర్మిట్లు పోతాయి. ఒకసారి పోతే మళ్లీ ఎన్నేళ్లకో తెలుసుగా?"

తెలుసు. ఉషీయా తొమ్మిదేళ్లు ఆగింది. డెల్మీరాకి పర్మిట్ వాళ్లమ్మ చనిపోయాక గానీ రాలేదు. యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, పెన్షన్‌కి ఇంకా ఏడేళ్లు. ఇంట్లో నడుం పడిపోయిన మొగుడు. ఇసకలో గొర్రు లాగడం తప్ప ఆమెకి ఇంకో పని రాదు. అన్నిటికన్నా, దొంగ అనే మాట ఆమెని ఆపింది. ఆ మాట ఇన్నేళ్లూ ఆమె వేరేవాళ్లని అంటూ వచ్చింది.

చేతులెత్తమన్నారు. ముందు ఉషీయా, బల్బీనా. తర్వాత ఇంకో పది. ప్రెసియోసా లేచి, "ఎలాగూ మునిగాం" అంటూ రెండు చేతులూ ఎత్తింది. అప్పుడు చాలా చేతులు లేచాయి. డెల్మీరా చెయ్యి చిట్టచివర లేచింది, అదీ భుజం దాకానే.

శుక్రవారం పాటు సాయంత్రం ఏడు కావస్తుండగా వచ్చింది. పెద్ద పాటు. ఇరవై తొమ్మిది దిమ్మలు బయటపడ్డాయి.

ముందు వాటిని లాగేద్దామన్నారు. ఎవరో వలల తాళ్లు తెచ్చారు. మొదటి దిమ్మకి నాలుగు తాళ్లు బిగించి, ఒక్కో తాడుకీ పదిహేను మంది చొప్పున పట్టుకున్నారు. "లాగు! లాగవే! ఇంకో పట్టు!" బూట్లు మోకాళ్ల దాకా దిగబడ్డాయి. దిమ్మ కదల్లేదు. బురద దాన్ని కింద నుంచి పట్టేసింది. మళ్లీ లాగారు. ఒక తాడు పుటుక్కున తెగి, పదిహేను మందీ ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు. ప్రెసియోసా బురదలో కూర్చునే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక చూస్తే ఆమె ఏడుస్తోంది.

అరవై మూడు మంది ఆడవాళ్లు, ఒక్క దిమ్మ. ఇంచు కూడా జరగలేదు. ఇది దాచడానికేం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పాలి.

"వదిలెయ్యండి. గొర్రులు తియ్యండి," అంది బల్బీనా.

తీశారు. నడుములు వంచి, వెనక్కి నడుస్తూ, గొర్రుతో ఇసకని గీస్తూ, గుల్ల పలికిన చోట చేత్తో తీస్తూ. దిమ్మల మధ్య, గొలుసుల పక్కన పని సాగింది. చిన్నవాటిని ఉంగరంతో కొలిచి మళ్లీ ఇసకలోనే వేశారు. దొంగతనానికి దిగినా, పిల్లగుల్లని తీయడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. రెండేళ్ల మేట, గుల్లలు బలిసి ఉన్నాయి. బకెట్లు నిండుతుంటే ఆడవాళ్లు కాసేపు ఎక్కడున్నామో మర్చిపోయారు. ఎవరో పాటెత్తుకోబోయారు కూడా.

గార్డుల జీపు గట్టు మీద ఆగింది. హెడ్డు ఉర్బానో బూట్లతోనే నీళ్లలోకి దిగాడు. వెనక ఇంకొకతను. ఉర్బానో డెల్మీరాకి బాగా ఎరుగున్నవాడు. ఆమె పట్టిచ్చిన దొంగలందరినీ రాసుకున్నది అతనే.

"డెల్మీరా గారూ, మీరా? ఇదేం పనండీ?"

"గుల్లలు తీస్తున్నాం ఉర్బానో. రాసుకో."

అతను చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "నేను ఏమీ చూడలేదు. బకెట్లు ఇక్కడే కుమ్మరించి వెళ్లిపోండి. ఎవరికీ ఏమీ కాదు."

వెళ్లిపోతే నిజంగానే ఎవరికీ ఏమీ కాదు. పర్మిట్లు పోవు. ఇవాళ ఇక్కడ అరవై మూడు మంది పని చేశారని కూడా ఎక్కడా ఉండదు. డెల్మీరాకి ఇంజనీరు ఫైలు కళ్లముందుకొచ్చింది. ఇవాళ్టిది కాగితం మీద లేకపోతే ఇదీ ఇంకో సున్నాయే.

"చూశావుగా. చూసిందే రాయి. లమేరా మేట మీద గుల్లలు తీస్తున్నారని రాయి. అందరి పేర్లూ రాయి."

"నా పేరు కూడా," అని ఉషీయా వచ్చి పక్కన నిలబడింది. ప్రెసియోసా వచ్చింది. ఒక్కొక్కరే బకెట్లతో వచ్చి అతని చుట్టూ మూగారు. "నాది రాయి." "నా బకెట్లో ఏముందో చూసి రాయి." ఉర్బానో పక్కకి పోయి ఫోన్‌లో పైవాళ్లతో మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి అతని మొహం మారిపోయింది.

"ఎవరినీ రాయొద్దన్నారు. మిమ్మల్ని ఒక్కర్నే తీసుకు రమ్మన్నారు."

"నన్నొక్కదాన్నేనా? నేను చేసిందే వీళ్లూ చేశారు."

"నాకు చెప్పింది అంతే అమ్మా. రండి."

ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. తోపులాట జరిగింది. బల్బీనా నీళ్లలో పడిపోయింది, భుజం బెణికింది. అప్పటికే పోటు తిరిగి మడమలు దాటుతోంది. ఇంకెవరికైనా దెబ్బ తగులుతుందేమోనని డెల్మీరాయే జీపు వైపు నడిచింది.

స్టేషన్లో ఆమెని కూర్చోబెట్టి ఉర్బానో ఒక కాగితం టైపు చేశాడు. చదవమన్నాడు. లంగరు చోటులో గుంపుగా చేరి పడవల దారికి ఆటంకం కలిగించారని ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. గుల్లలు అన్న మాట ఎక్కడా లేదు. మేట అన్న మాట కూడా లేదు.

"ఇందులో గుల్లలేవి?"

"అవి అక్కర్లేదండీ. ఇది చిన్న కేసు. సంతకం పెట్టి ఇంటికెళ్లిపోండి. మీ పర్మిట్ జోలికెవరూ రారు. నా మాట వినండి, ఇది మీ మంచికే."

డెల్మీరా ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది. బూట్లలోంచి నీళ్లు కారి నేల తడిసింది. సంతకం పెడితే పర్మిట్ ఉంటుంది, ఏడేళ్లలో పెన్షన్ వస్తుంది, మొగుడి మందులు వస్తాయి. లమేరా మాత్రం ఎప్పటికీ గుల్లలు లేని చోటైపోతుంది. ఈసారి కూడా ఆమె సంతకంతోనే. ఆమెకి భయమేసింది.

బయట ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. ఉర్బానో కిటికీ తెరిచి చూసి, "ఓరి దేవుడా" అన్నాడు.

ఆడవాళ్లు తడిబట్టలతోనే ఊళ్లోంచి నడిచి వచ్చారు. స్టేషన్ మెట్ల మీద, గుమ్మం ముందు, వీధిలో జీపు చుట్టూ బకెట్లు దించుతున్నారు. బకెట్ల నిండా బతికున్న గుల్లలు. బల్బీనా ఒక చేత్తో రెండో భుజం పట్టుకుని నిలబడింది. ఆమె బకెట్ షెనారో మోసుకొచ్చాడు. తొమ్మిదో నంబరు బోయా వదులుకుంటానని అతను అనలేదు, అతన్ని ఎవరూ అడగనూ లేదు. బకెట్ మొదటి మెట్టు మీద దించి పక్కన నిలబడ్డాడు.

"ఉర్బానో!" కింద నుంచి ప్రెసియోసా అరిచింది. "ఇవి ఏమిటో చెప్పు! బంగాళాదుంపలా?"

డెల్మీరా కాగితాన్ని వెనక్కి తోసింది. "గుల్లలని రాయి, సంతకం పెడతాను."

"రాస్తే మీ పర్మిట్ పోతుందండీ! నా చేతుల్లో ఉండదు!"

"తెలుసు. రాయి. లమేరా మేట. గుల్లలు. బకెట్ తూకమేసి మరీ రాయి."

ఉర్బానో ఆమె వంక చూశాడు, కిటికీ వంక చూశాడు. కుర్చీలో కూలబడి కొత్త కాగితం ఎక్కించాడు. డెల్మీరా ప్రతి అక్షరం చదివి సంతకం పెట్టింది. గుమ్మంలో ఉషీయా అప్పటికే నిలబడి ఉంది. ఆమె వెనక వరస మెట్లు దిగి వీధి మలుపు దాకా పోయింది.

శనివారం షికారు పడవలొచ్చాయి. దిమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇది రాస్తున్న నాటికీ ఉన్నాయి. గెలిచామని ఎవరైనా చెబితే నమ్మకండి. మధ్యాహ్నం పోటు మీద మోటారు పడవలు ఒక్కొక్కటే వచ్చి పసుప్పచ్చ బోయాలకి కట్టుకున్నాయి. వాటి మీద గొడుగులు తెరిచారు, సంగీతం పెట్టారు. డెల్మీరా గట్టు మీద నిలబడి చూసింది. రాత్రి వరసలో నిలబడ్డ మిగతావాళ్ల పేర్లు పైవాళ్లు రాయనివ్వలేదు, ఆమె పర్మిట్ ఒక్కటే రద్దయిందని పొద్దున్నే మనిషిని పంపి చెప్పారు. ఇక ఇసక మీద అడుగు పెడితే జైలే. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆమె వట్టి చెప్పులతో సముద్రం దగ్గరికొచ్చింది. ఎక్కడ నిలబడాలో కూడా తెలియలేదు.

సాయంత్రం నీళ్లు తీశాయి. పడవలు బురద మీద ఓ పక్కకి ఒరిగాయి. అరవై రెండు మంది ఆడవాళ్లు గొర్రులు భుజాన వేసుకుని గట్టు దిగారు. ఆమె పక్క నుంచే వెళ్తూ ఒక్కొక్కరూ ఆమె చెయ్యి తాకి వెళ్లారు. పడవల సందుల్లోంచి పనిచేసుకుంటూ పోయారు. తెల్ల లాగు వేసుకున్న ఆసామి ఒకడు పడవ అంచున నిలబడి, "ఇది ప్రైవేటు చోటు! పోలీసుల్ని పిలుస్తాను!" అని గోల పెట్టాడు. "పిలు నాయనా, త్వరగా పిలు!" అంది బల్బీనా కట్టు కట్టిన భుజంతో, గొర్రు ఒంటిచేత్తో లాగుతూ.

గార్డులు వచ్చారు. ఈసారి జీపులు రెండు, మనుషులు ఆరుగురు. రాయకుండా ఉండడానికి ఇక దారి లేదు, పడవలవాళ్లు ఫిర్యాదు ఇచ్చేశారు. ఒక్కొక్క పేరే రాస్తూ పోయారు. పోటు తిరిగి మోకాళ్ల దాకా వచ్చినా వరస చెదరలేదు. పేరు రాయించుకోకుండా ఒక్కతీ గట్టెక్కలేదు.

పొద్దుగూకే వేళకి ఉర్బానో నడుం దాకా తడిసి గట్టు మీదికొచ్చాడు. నోట్ బుక్కు జేబులో పెట్టుకుని డెల్మీరా పక్కన కూలబడ్డాడు.

"వీళ్లు రేపు కూడా వస్తారా?"

డెల్మీరా నీళ్ల వైపు చూస్తూ చెప్పింది. "రేపు పాటు పొద్దున ఎనిమిదింటికి. త్వరగా లేచి రా. అవతలి ఒడ్డు వాళ్లు కూడా వస్తామన్నారు, రాయాల్సిన పేర్లు చాలా ఉంటాయి."